బ్రయాన్ మే: పుచ్చు పట్టిన చెక్కతో గిటార్, 33 ఏళ్ళు ఆగిన పీహెచ్‌డీ

అందరికీ నమస్కారం. ఇవాళ నేను బ్రిటన్ రాక్ బ్యాండ్ క్వీన్ గిటారిస్టు బ్రయాన్ మే గురించి మాట్లాడతాను. ఆ బ్యాండ్ పేరు చెప్పగానే అందరికీ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీయే గుర్తొస్తాడు. అందులో తప్పేం లేదు, పైగా ఆయన పార్సీ కుటుంబంలో పుట్టి మన పంచగనిలో చదువుకున్నవాడు కాబట్టి మనకి ఆ మమకారం ఇంకాస్త ఎక్కువ. కానీ ఆయన పక్కన గిరజాల జుట్టుతో నిలబడి గిటార్ వాయించే ఆ పొడుగాటి మనిషి కథలు తెలిసినవాళ్ళు మన దగ్గర తక్కువ. ఇక్కడ ఇంజనీరింగ్, సైన్సు చదువుతున్నవాళ్ళు చాలామంది ఉన్నారని విన్నాను. మీకు ఈయన కథ తప్పకుండా చెప్పాలనిపించింది.

మొదట గిటార్ సంగతి. 1963 ఆగస్టు, లండన్ పక్కన ఒక మామూలు ఇల్లు. బ్రయాన్‌కి 16 ఏళ్ళు. ఫెండర్, గిబ్సన్ లాంటి పేరున్న కంపెనీల ఎలక్ట్రిక్ గిటార్ కావాలి, కొనే స్తోమత ఇంట్లో లేదు. తండ్రి హెరాల్డ్ ఎలక్ట్రానిక్స్ తెలిసిన మనిషి, ప్రభుత్వ ఉద్యోగంలో డ్రాఫ్ట్స్‌మన్, ఇంట్లో టీవీ కూడా తనే తయారు చేసుకున్న రకం. కొనలేం కదా, మనమే చేద్దాం అనుకున్నారు తండ్రీ కొడుకులు. చేయడానికి దాదాపు రెండేళ్ళు పట్టింది.

గిటార్ మెడ కోసం తీసుకున్నది, ఎవరో ఇంట్లో తీసేసిన వందేళ్ళ నాటి ఫైర్‌ప్లేస్ చెక్క. అది పుచ్చు పట్టి ఉంది. ఆ రంధ్రాల్లో అగ్గిపుల్లలు కుక్కి, పూడ్చి, చేత్తో చెక్కారు. ఒంటికి పాత బల్ల నుంచి తీసిన ఓక్ చెక్క, పైన మహాగని వెనీర్, అంటే పలచటి చెక్క పొర. మెడ మీద కనిపించే తెల్లటి చుక్కలు అమ్మ కుట్టుపని డబ్బాలోని ముత్యపుచిప్ప గుండీలు.

అన్నిటికంటే నాకు నచ్చేది ట్రెమొలో, అంటే కడ్డీ నొక్కితే తీగలన్నీ కాస్త వదులై స్వరం కిందికి జారి, వదిలేస్తే మళ్ళీ పైకి వచ్చే ఏర్పాటు. చెప్పినంత తేలిక కాదు. ఎక్కడ కొంచెం రాపిడి ఉన్నా తీగ మళ్ళీ సరిగ్గా పాత చోటుకి రాదు, శ్రుతి పోతుంది. ఆ రోజుల్లో కొన్న గిటార్లకే ఆ తిప్పలు ఉండేవి. వీళ్ళేం చేశారంటే, ఆ భాగం మొత్తం ఒక పాత ఉక్కు కత్తి అంచు మీద ఊగేలా పెట్టారు, అంచు మీద ఊగితే రాపిడి దాదాపు ఉండదు కాబట్టి. తీగలు ఒకవైపు లాగుతుంటే రెండోవైపు సరితూకంగా లాగడానికి 1928 నాటి పాంథర్ మోటార్‌సైకిల్ వాల్వ్ స్ప్రింగులు రెండు బిగించారు. తీగ ఆనే చోట చిన్న చిన్న రోలర్లు. కడ్డీ ఏమో సైకిల్ సీటు వెనక సంచీ తగిలించే ఇనుప ముక్క, దాని కొనకి అమ్మ ఊలు అల్లుకునే సూది ముక్క. తర్వాత ఆయన బయట కొన్న పికప్‌లు, అంటే తీగల కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగాలు, కీచుమంటుంటే వాటిలో అరల్డైట్ జిగురు పోసి గట్టిపరిచారు. ఖర్చు మొత్తం 8 పౌండ్లట.

దాని పేరు రెడ్ స్పెషల్. చదువుకునే కుర్రాడి సరదాగా మొదలైన ఆ గిటార్‌నే ఆయన క్వీన్ ఆల్బమ్‌లలో, ప్రపంచమంతా తిరిగిన కచేరీల్లో వాయించారు, ఇప్పటికీ వాయిస్తున్నారు. 2002 జూన్‌లో ఎలిజబెత్ రాణి స్వర్ణోత్సవానికి బకింగ్‌హామ్ ప్యాలెస్ పైకప్పు ఎక్కి, ఒంటరిగా నిలబడి జాతీయగీతం వాయించింది కూడా దీంతోనే. ఆ వీడియో చూసినప్పుడు గాలికి ఎగిరే ఆ కోటుని కాదు, చేతిలో గిటార్‌ని చూడండి. పుచ్చు చెక్క రాజభవనం నెత్తిన ఎక్కింది.

తీగలు మీటడానికి ప్లాస్టిక్ పిక్ కూడా వాడరు. పాత ఆరు పెన్నీల నాణెం వాడతారు. దాని అంచుకి గరుకైన గీతలుంటాయి కదా, అవి తీగకి రాసుకుంటే స్వరం మొదట్లో ఒక గరగర వస్తుంది, ఆయన వాయిద్యంలో మాట్లాడుతున్నట్టు వినిపించే గుణం కొంత అక్కడిదే. ఆ నాణేలు చెలామణీలోంచి పోయాక, 1993లో బ్రిటన్ టంకశాల ఆయన బొమ్మతోనే కొన్ని కొట్టి ఇచ్చింది.

ఇంకొకటి త్వరగా చెప్పేస్తాను. బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించిన జాన్ డీకన్ కూడా ఎలక్ట్రానిక్స్ చదివినవాడే. వీధిలో చెత్త వేసే తొట్టిలో ఎవరో పడేసిన సర్క్యూట్ బోర్డు దొరికితే, దాన్ని పుస్తకాల అర మీద పట్టే ఒక చిన్న స్పీకర్ పెట్టెలో బిగించి, 9 వోల్టుల బ్యాటరీకి కలిపాడు. దాంట్లోంచి రెడ్ స్పెషల్ వాయిస్తే క్లారినెట్‌లా, బాకాలా వినిపిస్తుంది. 1975 నాటి ఆల్బమ్‌లో ఒక పాటలో పాతకాలపు జాజ్ బ్యాండ్ మొత్తం వినిపిస్తుంది, అందులో బాకాలు ఊదినవాళ్ళెవరూ లేరు, ఒక్కో స్వరం విడిగా గిటార్‌తో వాయించి పేర్చిందే అదంతా.

ఇక చదువు సంగతికి వస్తాను, నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. బ్రయాన్ లండన్ ఇంపీరియల్ కాలేజీలో ఫిజిక్స్ డిగ్రీ చేసి, 1970లో అక్కడే పీహెచ్‌డీలో చేరారు. క్వీన్ మొదలైంది కూడా ఆ ఏడాదే. పరిశోధన జోడియాకల్ ధూళి మీద. గ్రహాలు తిరిగే తలంలోనే సూర్యుడి చుట్టూ సన్నటి ధూళి పరుచుకుని ఉంటుంది, దాని మీద ఎండ పడి చెదిరితే, బాగా చీకటిగా ఉండే చోట తెల్లవారబోయే ముందు తూర్పున ఒక మసక వెలుగు కోణంలా నిలబడుతుంది. ఆ ధూళి ఎటు కదులుతోంది, ఎంత వేగంతో, అన్నది ప్రశ్న. రైలు కూత దగ్గరికొస్తుంటే ఒకలా, దూరమవుతుంటే ఒకలా వినిపిస్తుంది కదా, కాంతిలోనూ అదే జరుగుతుంది. స్పెయిన్‌కి చెందిన టెనరీఫ్ ద్వీపంలో కొండ మీద పరికరం పెట్టి ఆ తేడాని కొలిచారు. 1972లో నేచర్ పత్రికలో పేపర్, 1974లో ఇంకొకటి. అంటే ఏదో పేరుకి చేరిన చదువు కాదు, పని దాదాపు అయిపోయింది.

అక్కడ వదిలేశారు. 1974కల్లా బ్యాండ్ ఊపందుకుంది, రెండూ కుదరలేదు. దీంతో తండ్రి బాగా నొచ్చుకున్నారు. మన ఇళ్ళల్లో ఇది జరిగితే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ గిటార్‌ని పక్కన కూర్చుని చేయించిన మనిషే, అదే గిటార్ కోసం కొడుకు పీహెచ్‌డీ మానేశాడని చాలాకాలం సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత బ్రయాన్ అమ్మానాన్నల్ని న్యూయార్క్ తీసుకెళ్ళి మాడిసన్ స్క్వేర్ గార్డెన్ అనే పెద్ద స్టేడియంలో తమ కచేరీ చూపించారు. అంతమంది జనం మధ్య కూర్చుని చూశాక, ఇప్పుడు నాకు అర్థమైంది అన్నారట ఆ పెద్దాయన.

ఇక్కడితో ఆగితే ఇది మనం సినిమాల్లో చూసే కథే. కానీ బ్రయాన్ ఆగలేదు. 2006లో మళ్ళీ ఇంపీరియల్ కాలేజీలో పేరు నమోదు చేసుకున్నారు. ఈ 30 ఏళ్ళలో ఆ రంగంలో వచ్చినదంతా చదివి, పాత కొలతలని వాటి పక్కన పెట్టి తిరగరాశారు. ఆయన అదృష్టం ఏమిటంటే మధ్యలో ఆ ధూళి వేగాల మీద పనిచేసినవాళ్ళు తక్కువ, పైగా వేరే నక్షత్రాల చుట్టూ గ్రహాలు దొరకడం మొదలయ్యాక ఇలాంటి ధూళి మీద శాస్త్రవేత్తలకి మళ్ళీ ఆసక్తి పెరిగింది, అందుకే 1970ల నాటి కొలతలకి విలువ మిగిలింది. 2007 ఆగస్టులో వైవా, అంటే పీహెచ్‌డీ మౌఖిక పరీక్ష. అప్పటికి ఆయనకి 60 ఏళ్ళు. అప్పటికి తండ్రి లేరు. డాక్టరేట్ గౌరవంగా ఇచ్చేవాళ్ళు చాలామందే ఉంటారు, ఆయన పేరుకి అడిగితే ఎవరు కాదంటారు? కానీ ఈయన ఎగ్జామినర్ల ముందు కూర్చుని, వాళ్ళు దిద్దమన్నవి దిద్ది తెచ్చుకున్నారు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది సరిగ్గా అక్కడే.

బ్రయాన్ చిన్నప్పుడు వీటాబిక్స్ అనే అల్పాహారం పెట్టెల్లో జంట ఫోటోల కార్డులు వచ్చేవి, రెండిటినీ ఒక అద్దాల పెట్టెలోంచి చూస్తే బొమ్మకి లోతు వస్తుంది. ఆ పిచ్చి ఆయన్ని వదల్లేదు. అది ఎక్కడిదాకా వెళ్ళిందంటే, నాసా బెన్నూ అనే గ్రహశకలం మీద నుంచి మట్టి తేవడానికి ఒసైరిస్-రెక్స్ నౌకని పంపినప్పుడు, అక్కడ చదునైన నేల ఉంటుందనుకుంటే అంతా బండరాళ్ళే ఉన్నాయి. ఎక్కడ దిగాలి? బ్రయాన్, ఆయనతో ఈ పనిలో పాలుపంచుకున్న క్లాడియా మంజోనీ కలిసి నౌక పంపిన ఫోటోల్లోంచి జంటలు ఏరి, లోతు కనిపించేలా తయారు చేసి ఇచ్చారు, చోటు ఎంచుకోవడంలో శాస్త్రవేత్తలకి అవి పనికొచ్చాయి. 2020 అక్టోబరులో నౌక మట్టి తీసింది, 2023 సెప్టెంబరులో 120 గ్రాములకు పైగా భూమికి చేరింది.

ఆరోగ్యం కూడా ఆయన్ని బాగానే పరీక్షించింది. 2020లో చిన్న గుండెపోటు, మూడు స్టెంట్లు. 2024లో చిన్న స్ట్రోక్, ఎడమ చేయి కొంత స్వాధీనం తప్పింది, గిటారిస్టుకి ఎడమ చేయంటే ఎంతో మీకు తెలుసు. ఇప్పుడు మళ్ళీ వాయించగలుగుతున్నానని ఆయనే చెప్పారు.

చివరగా ఒక పాట వినిపించాలి, ‘వీ విల్ రాక్ యూ’. దానికి ముందు ఒక మాట. 1977లో స్టాఫర్డ్ అనే ఊళ్ళో కచేరీ అయ్యాక జనం కదలకుండా తమంతట తామే పాడారు. ఆ గుంపులో ఇరుక్కున్న జనం ఏం చేయగలరు, కాళ్ళు తాటించగలరు, చప్పట్లు కొట్టగలరు, పాడగలరు అని ఆలోచించి బ్రయాన్ రాసిన పాట ఇది. లండన్‌లో ఒక పాత చర్చి భవనంలోని స్టూడియోలో, అక్కడ దొరికిన చెక్కల మీద కొద్దిమందే నిలబడి కాళ్ళు తాటించారు. అది వేలమందిలా ఎలా వినిపిస్తుంది? ఒకే శబ్దాన్ని కొంచెం కొంచెం ఆలస్యంగా మళ్ళీ మళ్ళీ కలిపారు. ఆ ఆలస్యాలు ఒకదానికొకటి గుణిజాలైతే శబ్దాలు ఒకచోట కలిసి మామూలు ప్రతిధ్వనిలా వినిపిస్తాయి. అందుకని ఫిజిక్స్ చదివిన ఆ మనిషి ఆలస్యాలని ప్రధాన సంఖ్యల లెక్కలో పెట్టాడు. ఏదీ దేనితోనూ కలవదు, ప్రతి చప్పుడూ వేరే దూరం నుంచి, వేరే మనిషి దగ్గర నుంచి వచ్చినట్టే ఉంటుంది. ఇందులో డ్రమ్స్ లేవు. గిటార్ కూడా చివర్లో గానీ రాదు. వాల్యూమ్ కొంచెం పెంచండి బాబూ, వెనక వరుసలకి కూడా వినపడాలి.