జీరో టికెట్‌కు క్లాస్ డయాగ్రమ్ గీయాలంటే ముందు ఏం అడగాలి?

నమస్కారం. బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థిని గత వారం నాకొక ప్రశ్న పంపారు. సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ పేపర్ కోసం సాఫ్ట్‌వేర్ తయారీ దశలను చూపే వాటర్‌ఫాల్, స్పైరల్ మోడళ్ల బొమ్మలు బట్టీపట్టానని, అమీర్‌పేటలో జావా కోర్సులో చేరి ఇన్‌హెరిటెన్స్ (ఒక క్లాసు గుణాలు దాని కింది క్లాసులకు రావడం), పాలీమార్ఫిజం (ఒకే పిలుపుకు ఒక్కో క్లాసు తనదైన రీతిలో స్పందించడం) నేర్చుకున్నానని, కానీ ఈ రెండు చదువులకూ సంబంధం ఏమిటో ఎవరూ చెప్పలేదని ఆమె రాశారు. మైత్రీవనం దగ్గర ఏదో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చుని, బోర్డు మీద యానిమల్ క్లాసు కింద కుక్కనూ పిల్లినీ చూసినవారికి ఈ ప్రశ్న కొత్తగా అనిపించదు. క్లాసు అంటే ఒక రకం వస్తువుకు ఉండే సమాచారమూ అది చేసే పనులూ రాసుకున్న నమూనా, క్లాస్ డయాగ్రమ్ అంటే ఆ క్లాసులనూ వాటి మధ్య సంబంధాలనూ చూపే బొమ్మ. ఆ సంబంధాన్ని ఈరోజు మన సిటీ బస్సులో చూద్దాం.

ఉదయం తొమ్మిది గంటలకు సికింద్రాబాద్ నుంచి అమీర్‌పేట మీదుగా కొండాపూర్ వెళ్లే బస్సు ఎక్కండి. ఒక మహిళ ఆధార్ కార్డు చూపిస్తారు, కండక్టర్ ఒకసారి చూసి చేతిలోని టికెట్ మిషన్ నొక్కుతారు, చిన్న కాగితం బయటికి వస్తుంది. దాని మీద ఆమె చెల్లించవలసినది సున్నా రూపాయలు, అదే జీరో టికెట్. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి తెలంగాణ మహిళలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. మరి డబ్బే తీసుకోనప్పుడు టికెట్ ఎందుకు కొడుతున్నారు?

రిక్వైర్‌మెంట్స్ అనాలిసిస్, అంటే ఎవరికి ఏం కావాలో తేల్చుకునే పని, సరిగ్గా ఈ ప్రశ్న అడగడమే. ఆ మిషన్‌కు సాఫ్ట్‌వేర్ మనమే రాయవలసి వచ్చిందనుకోండి. 'మహిళల నుంచి ఛార్జీ వసూలు చేయరాదు' అనే ఒక్క వాక్యం మన చేతికి వస్తే, మహిళలకు టికెట్ కొట్టకుండా వదిలేసే ప్రోగ్రాం రాసినా ఆ వాక్యాన్ని మనం పాటించినట్టే లెక్క. కానీ ఆ కాగితం అవసరం ప్రయాణికురాలికి మాత్రమే కాదు. తనిఖీకి వచ్చే అధికారికి అది కావాలి, డిపోలో ఎంతమంది ఎక్కారో లెక్క కట్టడానికి కావాలి, అన్నిటికంటే ముఖ్యంగా ఆ ప్రయాణాల సొమ్మును ప్రభుత్వం ఆర్టీసీకి చెల్లించవలసి ఉంది కాబట్టి లెక్కల విభాగానికి కావాలి. పాఠ్యపుస్తకాలు స్టేక్‌హోల్డర్లు అని పిలిచేది వీరందరినీ. వారిలో ఒక్కరిని అడగడం మరచిపోయినా డిజైన్‌లో ఒక గడి ఖాళీగా మిగిలిపోతుంది, అది ఖాళీగా ఉందన్న సంగతి కూడా చాలాకాలం మనకు తెలియదు.

ఇప్పుడు డిజైన్‌కు వద్దాం. ప్యాసింజర్ అనే క్లాసు, దాని కింద పురుష ప్రయాణికుడు, మహిళా ప్రయాణికురాలు అని రెండు సబ్‌క్లాసులు పెట్టి, రెండోదానిలో ఛార్జీ మెథడ్‌ను (ఛార్జీ లెక్కకట్టే భాగాన్ని) ఓవర్‌రైడ్ చేసి, అంటే మార్చి రాసి, సున్నా తిప్పి పంపిద్దామని చాలామందికి తోస్తుంది. పరీక్షలో దీనికి మార్కులు కూడా పడవచ్చు. అయితే అదే మహిళ సాయంత్రం ఏసీ బస్సు ఎక్కితే డబ్బు చెల్లించాలి. విజయవాడ నుంచి వచ్చిన ఆమె చెల్లెలు, తన ఆధార్‌లో ఆంధ్రప్రదేశ్ చిరునామా ఉంటే, ఆర్డినరీ బస్సులో కూడా చెల్లించాలి. మనిషి మారలేదు, ఛార్జీ మారింది. అంటే ఛార్జీ మనిషి స్వభావం కాదు. ఆ మనిషి నివాసం, ఎక్కిన బస్సు రకం, ఆ రోజు అమల్లో ఉన్న నిబంధన, ఈ మూడూ కలిసినప్పుడు తేలే ఫలితం. ఇక్కడ అన్నిటికంటే తొందరగా మారేది నిబంధన కాబట్టి, దాన్నే విడిగా ఒక ఆబ్జెక్ట్, అంటే క్లాసు నమూనా ప్రకారం తయారైన వస్తువు, చేయాలి. మామూలు ఛార్జీ, మహాలక్ష్మి, బస్ పాస్, పిల్లల అర టికెట్ అన్నీ 'ఈ ప్రయాణానికి ఎంత?' అనే ఒకే ప్రశ్నకు ఎవరి జవాబు వారు ఇచ్చే నిబంధనలవుతాయి. పాలీమార్ఫిజం నిజంగా పనికొచ్చే చోటు ఇదే. రేపు ఇంకో పథకం వస్తే ఇంకో నిబంధన చేరుతుంది, ప్యాసింజర్ క్లాసును ఎవరూ ముట్టుకోనక్కరలేదు.

టికెట్ క్లాసును ఇంకొంచెం దగ్గరగా చూడండి. అందులో 'మొత్తం' అనే ఒకే ఫీల్డ్ (సమాచారం దాచే గడి) పెడితే మహాలక్ష్మి టికెట్‌లో సున్నా తప్ప ఏమీ మిగలదు. ప్రభుత్వం నుంచి ఎంత రావాలో తేలాలంటే అసలు ఛార్జీ, ప్రయాణికురాలు చెల్లించినది అని రెండు ఫీల్డులు ఉండాలి. సమస్య వివరణలోని నామవాచకాల కింద గీతలు గీసి క్లాసులు కనిపెట్టే పద్ధతి మీకు కాలేజీలో నేర్పి ఉంటారు. మొదలుపెట్టడానికి అది మంచిదే, కానీ ఈ అసలు ఛార్జీ ఫీల్డు ఆ పద్ధతిలో ఎప్పటికీ దొరకదు, లెక్కల విభాగంలో కూర్చున్నవారిని అడిగితేనే దొరుకుతుంది. మీరు వెతుకుతున్న సంబంధం ఇదేనమ్మా.

ఆబ్జెక్ట్ అనే ఆలోచన పుట్టిన చోటు కూడా ఇదే చెబుతుంది. 1960లలో ఓస్లోలో ఓలే యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ సిములా ప్రోగ్రామింగ్ భాషను తయారు చేసింది నిజ జీవిత వ్యవస్థలను కంప్యూటర్‌లో అనుకరించి చూడడానికి. ముందు ఆ వ్యవస్థ అర్థం కావాలి, ఆ తర్వాతే క్లాసులు.

కండక్టర్ సంగతి కూడా మరచిపోకూడదు. బేగంపేట, అమీర్‌పేట మధ్య కిక్కిరిసిన బస్సులో 'టికెట్ త్వరగా రావాలి' అని రాసిన రిక్వైర్‌మెంట్‌ను ఎవరూ పరీక్షించలేరు. ఎన్ని సెకన్లలో రావాలి, ఎన్ని బటన్లు నొక్కితే రావాలి, నెట్‌వర్క్ పోయినా రావాలా అన్నది అంకెలతో, స్పష్టంగా రాయాలి.

ఇక మొదట చెప్పిన వాటర్‌ఫాల్ లాంటి ప్రాసెస్ మోడళ్ల విషయం. వాటర్‌ఫాల్‌కు మూలంగా చూపే విన్‌స్టన్ రాయిస్ వ్యాసం 1970 నాటిది. అందులో వాటర్‌ఫాల్ అనే మాటే లేదు. పైగా ఒక్కొక్క దశ ముగించుకుంటూ ఒకేసారి కిందికి దిగిపోయే పద్ధతి ప్రమాదకరమని, వైఫల్యాన్ని కోరి తెచ్చుకోవడమేనని ఆయనే హెచ్చరించారు. మనం మాత్రం ఆయన వద్దన్న బొమ్మనే పరీక్షల్లో గీస్తున్నాం, ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది. నిబంధనలు మారతాయి, పేర్లు కూడా మారతాయి. 2024లో టీఎస్ఆర్టీసీ టీజీఎస్ఆర్టీసీ అయింది. సంస్థ పేరును కోడ్‌లో పది చోట్ల నేరుగా రాసుకున్న ప్రోగ్రామర్‌కు ఆ ఒక్క అక్షరం ఎన్ని రోజుల పని పెడుతుందో ఊహించండి.

ఆ విద్యార్థినికి నేను సూచించే అభ్యాసం సీఆర్‌సీ (క్లాస్, రెస్పాన్సిబిలిటీ, కొలాబొరేటర్) కార్డులు. కెంట్ బెక్, వార్డ్ కన్నింగ్‌హామ్ 1989లో పరిచయం చేసిన ఈ పద్ధతికి కంప్యూటర్ అక్కరలేదు. నలుగురు స్నేహితులు కూర్చుని, ఒక్కో కార్డు మీద ఒక క్లాసు పేరు, ఎడమవైపు అది చేయవలసిన పనులు, కుడివైపు దానికి సహాయపడే క్లాసులు రాయండి. ఒకరు టికెట్, ఒకరు నిబంధన, ఒకరు ట్రిప్, ఒకరు మిషన్‌గా మారి, ఒక ప్రయాణాన్ని మొదటినుంచి చివరిదాకా నడిపించండి. ఒక కార్డులో పనులు పట్టకపోతే ఆ క్లాసును విడగొట్టండి. ముందుగా ఈ సందర్భం తీసుకోండి: నెలవారీ బస్ పాస్ ఉన్న ఒక తెలంగాణ మహిళ ఆర్డినరీ బస్సు ఎక్కారు. ఆమెకు రెండు నిబంధనలూ వర్తిస్తాయి. ఏది వాడాలో ఏ కార్డు నిర్ణయించాలి? మీ జవాబును కార్డుల ఫొటోతో సహా పంపండి, వచ్చే వీడియోలో వాటినే ముందు పెట్టుకుని, ఎవరు ఎవరిని ఏ వరుసలో పిలుస్తారో చూపే సీక్వెన్స్ డయాగ్రమ్ గీద్దాం.