ముక్కుకు దొరికే ఆపిల్

శ్రోతలకు నమస్కారం.

హైదరాబాద్‌లో చాయ్ అంటే చిక్కటి డికాక్షన్, మరిగి మరిగి మీగడ కట్టిన పాలు, దండిగా చక్కెర. ఆ చాయ్‌కి అలవాటు పడ్డ నాలుకకు ఆపిల్, దాల్చినచెక్క వాసనల టీ ఇస్తే చాలామంది మొదట అనే మాట, "ఇందులో ఏముంది, వట్టి వేడినీళ్లు!" ఆ మాటను తప్పుపట్టలేం. మన ఇళ్లలో అది నిజంగానే వేడినీళ్లలా తయారవుతోంది. పెద్ద మగ్గు నిండా నీళ్లు పోసి, ఒక్క టీ బ్యాగ్ వేసి, మూత పెట్టకుండా నిమిషంలో తీసేస్తే కప్పులోకి ఏం దిగుతుంది?

ముందుగా పెట్టెలో ఏముందో చూద్దాం. ఆపిల్ టీ పేరుతో అమ్మేవి మూడు రకాలు. టీ ఆకుకు ఆపిల్ వాసన పట్టించి, మసాలా దినుసులు కలిపినది ఒకటి. టీ ఆకు బొత్తిగా లేకుండా ఎండు ఆపిల్ ముక్కలు, పూలు, వేళ్లు, బెరళ్లు కలిపినది రెండోది. ఇక టర్కీ నుంచి తెచ్చే డబ్బాల్లో తరచుగా కనిపించే పొడి మూడోది. దానిలో ఎక్కువ భాగం చక్కెరే, దాన్ని షర్బత్ లెక్కలో వేసుకోవాలి. పెట్టె వెనక పదార్థాల పేర్లు బరువును బట్టి వరుసగా రాస్తారు, ఎక్కువున్నది ముందు వస్తుంది. ఆపిల్ పేరు చివర్లో ఉండి, దాని పక్కన ఫ్లేవర్ అన్న మాట ఉంటే ఆ వాసన ఎక్కడినుంచి వస్తోందో అర్థమవుతుంది.

ఇక్కడ ఆపిల్ గురించి ఒక సంగతి తెలియాలి. పండు కోయగానే గుప్పుమనే వాసన ఎస్టర్లు అనే పదార్థాలది. అవి ఇట్టే ఆవిరైపోతాయి. ముక్కలు ఎండబెట్టేటప్పుడే చాలామటుకు పోతాయి, మిగిలినవి మరిగే నీళ్లలో పోతాయి. ఎండు ముక్కలో చివరికి ఉండేది పండు తీపి, మాలిక్ ఆమ్లపు పులుపు. అందుకే తయారీదారులు వాసనను విడిగా కలుపుతారు. అందులో మోసమేమీ లేదు, పెట్టె మీద చెప్పి కలిపితే చాలు.

ఇంట్లోనే ఒక పరీక్ష చేసి చూడండి. ఆపిల్ టీ గోరువెచ్చగా అయ్యాక ముక్కును రెండు వేళ్లతో గట్టిగా మూసుకుని ఒక గుక్క తాగండి. కాస్త పులుపు, కాస్త వగరు తెలుస్తాయి, ఆపిల్ జాడ మాత్రం ఉండదు. మింగేసి, నోరు మూసుకునే ఉండి, వేళ్లు తీసి ముక్కుతో గాలి వదలండి. ఆపిల్ అప్పుడు వస్తుంది, గొంతు వెనకనుంచి ముక్కులోకి. మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం ఇలా వెనకదారిన వచ్చే వాసనే. జలుబు చేసినప్పుడు పప్పుచారు కూడా చప్పగా ఉండటానికి ఇదే కారణం.

ఇప్పుడు కాచే పద్ధతి. మన ఆయుర్వేదం ఈ విషయాన్ని ఎప్పుడో విడదీసి పెట్టింది. మరిగించి తీసేది క్వాథం, మనం కషాయం అంటున్నదే. వేడినీళ్లు పోసి, కాసేపు ఉంచి వడకట్టేది ఫాంటం. చల్లటి నీళ్లలో రాత్రంతా నానబెట్టేది హిమం. బెరళ్లు, ఎండు వేళ్లు గట్టివి కాబట్టి వాటికి మరగడం కావాలి. పూలు, ఆకులు, వాసన పట్టించిన టీ మరిగితే పాడవుతాయి. ఆపిల్, దాల్చినచెక్క కలిసిన టీ బ్యాగ్‌లో చిక్కంతా ఇక్కడే ఉంది. దాల్చినచెక్క తన సారం వదలడానికి పది నిమిషాలు కావాలంటుంది. టీ ఆకు నాలుగు నిమిషాలు దాటితే వగరెక్కుతుంది. ఆపిల్ వాసన అంతసేపు కూడా ఆగదు. ముగ్గురినీ ఒకే సంచిలో కట్టి ఒకేసారి నీళ్లలో వేస్తున్నాం. తయారీదారులు చెక్కను సన్నగా నూరి వేసేది అందుకే. కానీ పొడిలో జిగురు ఎక్కువగా దిగుతుంది, కప్పు అడుగున జారుడు మడ్డి కనిపించేది దానివల్లే.

విడిగా కాచుకునేవాళ్లకు ఈ ఇబ్బంది లేదు. రెండు కప్పులకు, అంటే 300 మిల్లీలీటర్లకు, అంగుళం దాల్చినచెక్క, ఒకే ఒక లవంగం. మరిగేటప్పుడు కొంత ఆవిరైపోతుంది కాబట్టి నీళ్లు 350 పోయండి. గిన్నె మీద మూత పెట్టి సన్నటి మంట మీద పది నిమిషాలు. స్టవ్ ఆపేశాక ఆపిల్ వాసన పట్టించిన టీ ఆకు 6 గ్రాములు, రెండు యాలకుల గింజలు నలిపి వేసి మళ్లీ మూత. మూడు నిమిషాలకు వడకట్టాలి. యాలకుల వాసన కూడా తేలిగ్గా ఎగిరిపోయేదే, మొదట్లో వేస్తే వృథా.

ఆకు ఏది వాడాలి? చాయ్‌కి వాడే గుండ్రటి సీటీసీ గింజలు, డస్ట్ ఇక్కడ పనికిరావు. వాటి ఘాటు ముందు ఆపిల్ నిలబడదు. నీలగిరి పొడవాకు టీ దీనికి బాగా నప్పుతుంది, తేలికగా ఉండి పూల వాసనను తలపిస్తుంది. డార్జిలింగ్ గొప్పదే, కానీ దానికున్న వాసన దానికుంది, మీద ఇంకో వాసన రుద్దడం అన్యాయం.

దాల్చినచెక్కలో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. మందంగా, గరుకుగా, ఒకే పొర బెరడులా ఉండి విరిస్తే టక్కుమనేది కేసియా. బేగంబజార్‌లో మామూలుగా అడిగితే ఎక్కువగా చేతికొచ్చేది ఇదే. కాగితంలాంటి పలచని పొరలు చుట్టచుట్టలుగా ఉండి, వేళ్ల మధ్య నలిగిపోయేది సిలోన్ రకం. బిర్యానీకి కేసియా ఘాటే బాగుంటుంది. ఆపిల్‌తో మాత్రం సిలోన్ వాడండి, దాని వాసన మెత్తగా, తియ్యగా ఉంటుంది. ఇంకో కారణం కూడా ఉంది. కేసియాలో కుమరిన్ అనే పదార్థం ఎక్కువ. రోజూ ఎక్కువ మోతాదులో తీసుకుంటే కొందరిలో కాలేయానికి మంచిది కాదు. రోజూ తాగే అలవాటుంటే సిలోన్ చెక్కే కొనాలి.

నీళ్ల సంగతి ఈ నగరంలో చిన్నది కాదు. ఒకే అపార్ట్‌మెంట్‌లో ఒక కుళాయిలో మంజీరా నీళ్లో కృష్ణా నీళ్లో వస్తాయి, ఇంకో కుళాయిలో బోరు నీళ్లు వస్తాయి. బోరు నీళ్లతో బ్లాక్ టీ పెట్టి రెండు నిమిషాలు కదపకుండా ఉంచండి. పైన నూనె తెట్టులాంటి పలచటి పొర కడుతుంది, చెంచాతో తోస్తే పెంకుల్లా చీలుతుంది. నీటిలోని కాల్షియం, బైకార్బొనేట్లు టీలోని పదార్థాలతో కలిసి చేసే పని అది. రంగు మసకబారుతుంది, పులుపు చచ్చిపోతుంది, ఆపిల్ టీకి ఆ పులుపే ప్రాణం. అలాగని ఖనిజాలు చాలావరకు తీసేసిన ఆర్‌ఓ నీళ్లు వాడితే రుచి బోలుగా ఉంటుంది. కాచి వడకట్టిన మున్సిపల్ నీళ్లు అన్నిటికంటే మేలు. అవి రాని చోట ఆర్‌ఓ నీళ్లలో మూడో వంతు బోరు నీళ్లు కలిపి మరిగించి చూడండి.

మన ఊరు సముద్ర మట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. బ్లాక్ టీకి, పూలకు, పండ్ల ముక్కలకు అది సరిపోతుంది. ఆపిల్ కలిపిన గ్రీన్ టీకి మాత్రం 80 డిగ్రీలు దాటకూడదు, దాటితే చేదు. థర్మామీటర్ అక్కర్లేదు. మూడు కప్పుల మరిగే నీళ్లకు ఒక కప్పు మామూలు తాగే నీళ్లు కలపండి, 80 దగ్గరికి వస్తుంది. అందులో రెండు నిమిషాలు చాలు.

కొలతల విషయానికొస్తే, టీ రుచి పరీక్షకు ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది, ఐఎస్‌ఓ 3103. మొదట 1980లో వచ్చింది. 100 మిల్లీలీటర్ల నీటికి 2 గ్రాముల ఆకు, ఆరు నిమిషాలు. అంతసేపు ఉంచేది లోపాలన్నీ బయటపడాలని, తాగి ఆనందించడానికి అది ఎక్కువే. ఇంట్లో బ్లాక్ టీకి నాలుగు నిమిషాలు, టీ ఆకు లేని పూలు, పండ్ల మిశ్రమాలకు ఏడు నిమిషాలు పెట్టుకోండి. ఒక టీ బ్యాగ్‌లో సుమారు 2 గ్రాములుంటుంది, 150 మిల్లీలీటర్లు దాటి నీళ్లు పోయకండి. అన్నిటికీ మూత ఉండాలి. సమయం కాగానే మూత తీసి, దాని లోపలివైపు పట్టిన చెమటను వాసన చూడండి. ఆపిల్ కప్పులో కంటే అక్కడ స్పష్టంగా దొరుకుతుంది. ముందు పచ్చి ఆపిల్, వెనకే దాల్చినచెక్క వస్తే మిశ్రమం మంచిది. చిన్నపిల్లల చాక్లెట్ కాగితం వాసనొకటే వస్తే దాని సంగతి అక్కడే తేలిపోయినట్టు.

నాలుగైదు రకాలు ఒకేసారి రుచి చూడాలనుకుంటే ఉదయం పదకొండు గంటల ప్రాంతం మంచిది. కారం తిన్నాక కనీసం గంట ఆగాలి. గదిలో అగరుబత్తి, వంటింట్లో పోపు ఉండకూడదు. లోపల తెల్లగా ఉన్న కప్పులు తీసుకుంటే రంగు తెలుస్తుంది. తేలికదానితో మొదలుపెట్టి ఘాటైనదానికి వెళ్లాలి. చామొమైల్ మొదట. ఇది మన చామంతికి చుట్టం. గ్రీకు భాషలో ఈ పేరుకు అర్థం నేల ఆపిల్. స్పెయిన్‌లో దీన్ని మంజనియా అంటారు, చిన్న ఆపిల్ అని. ఆపిల్ ముక్క ఒక్కటీ లేకుండా వేడినీళ్లలో ఆపిల్ వాసననిచ్చే పువ్వు ఇది. తర్వాత ఆపిల్ గ్రీన్ టీ, ఆపిల్ బ్లాక్ టీ, ఆపైన దాల్చినచెక్కది. శొంఠి, లవంగం ఉన్నవి ఆఖరున. లవంగంలోని యూజినాల్ నాలుకను మొద్దుబారుస్తుంది, పంటినొప్పికి లవంగం పెట్టుకునేది ఆ గుణం కోసమే. అది ముందు తాగితే తర్వాతి కప్పులన్నీ ఒకలాగే ఉంటాయి.

కప్పుకూ కప్పుకూ మధ్య గోరువెచ్చని నీళ్లతో పుక్కిలించి, నాలుగు మరమరాలు నమలండి. ఉస్మానియా బిస్కెట్ ఆ పూటకి పక్కన పెట్టండి, దాని వెన్న, ఉప్పు నాలుకను పూతలా పట్టేస్తాయి.

పొగలు కక్కుతుండగా తాగొద్దు. 65 డిగ్రీలు దాటిన పానీయాలు అన్నవాహిక క్యాన్సర్‌కు బహుశా కారణం కావచ్చని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ వర్గీకరించింది. రుచి కూడా ఆ వేడిలో తెలియదు. ఇరానీ హోటళ్లలో పెద్దవాళ్లు సాసర్‌లో పోసుకుని తాగుతారు కదా, ఆ పద్ధతి ఇక్కడ అక్కరకొస్తుంది. కొంచెం సాసర్‌లో పోసుకుని, చప్పుడు చేస్తూ జుర్రండి. గాలితో కలిసి తుంపర్లుగా వెళితే వాసన ముక్కు వెనక్కి బాగా చేరుతుంది. టీ పరీక్షకులు కూడా చప్పుడు చేసే తాగుతారు.

వగరుకు మన భాషలో పేరుంది, ఉగాది పచ్చడిలో చోటుంది. నాలుక పక్కలు దగ్గరికి లాగినట్టయ్యేది వగరు, నాలుక మీద రుచిగా తెలిసేది చేదు. రెండూ కలిపి "చేదుగా ఉంది" అనేయకుండా విడిగా పట్టుకోండి. వగరు ఎక్కువైతే సమయం తగ్గించాలి. చేదు ఎక్కువైతే వేడి తగ్గించాలి. మింగిన తర్వాత గొంతులో తీపి అంటుకుని ఎంతకీ పోకపోతే అందులో అతిమధురం ఉండొచ్చు. చక్కెర లేదు అని రాసిన మిశ్రమాల్లో కొన్నిటికి తీపి దానివల్లే. బీపీ ఉన్నవాళ్లు ఆ పేరు వెతికి చూసుకోవాలి, ఎక్కువగా తాగితే అతిమధురం బీపీని పెంచుతుంది.

ఎర్రగా దిగే ఆపిల్ మిశ్రమాల్లో హైబిస్కస్ అని రాసి ఉంటుంది. మన పెరటి మందారం అనుకుంటారు చాలామంది. నిజానికి అది గోంగూర. పువ్వు రాలాక కాయను పట్టుకుని ఉండే కండగల ఎర్రటి రక్షకపత్రాలను ఎండబెట్టి వేస్తారు. ఆ పులుపు తెలుగు నాలుకకు కొత్తేమీ కాదు. చిటికె సోడా వేస్తే ఎరుపు ఊదాగా, నీలంగా మారుతుంది. బోరు నీళ్లతో కాచినప్పుడు రంగు మారేదీ ఇలాగే. గోంగూర ఉన్న టీలో, ఆపిల్ టీలో పాలు పోయకండి, పులుపుకు విరిగిపోతాయి.

తాజా ఆపిల్‌తో చేసుకోవాలంటే ఒక మోస్తరు పండు, అర లీటరు నీళ్లు. గింజలున్న మధ్య భాగం తీసేయాలి. మైనం పూత ఉంటే గోరువెచ్చని నీళ్లలో రుద్ది కడగాలి, తొక్క మాత్రం తీయొద్దు, వాసన ఎక్కువగా ఉండేది అక్కడే. ముప్పావు పండును ముక్కలు చేసి, చెక్కతో కలిపి మూతపెట్టి పది నిమిషాలు ఉడికిస్తే ఉడికిన ఆపిల్ రుచి వస్తుంది. దించి, పొడవాకు టీ 8 గ్రాములు వేసి, మూడు నిమిషాలకు వడకట్టండి. మిగిలిన పావు పండును పచ్చిగానే పలచగా కోసి కప్పుల్లో వేసి, పైన టీ పోసి, ఒక నిమిషం మూసి ఉంచండి. పోయిన పచ్చి వాసన అలా తిరిగొస్తుంది.

డబ్బాను మసాలాల అరలో పెట్టొద్దు, టీ ఆకు పక్కనున్న వాసనంతా పీల్చుకుంటుంది. వానాకాలంలో ఎండు ఆపిల్ ముక్కలు చెమ్మ పట్టి వేళ్లకు అంటుకుంటున్నాయంటే బూజు దగ్గర్లోనే ఉందని అర్థం. బిగుతు మూత సీసా కావాలి, తడి చెంచా పెట్టకూడదు.

రుచి చూడటం అయిపోయాక కప్పుల్లో మిగిలినది పారబోయకండి. గంట ఆగి, పూర్తిగా చల్లారాక మళ్లీ ఒక గుక్క తాగండి. వేడి దాచిపెట్టినవన్నీ అప్పుడు బయటికొస్తాయి. కొన్ని కృత్రిమ వాసనలు చల్లారేసరికి సబ్బులా అనిపిస్తాయి. బాగా చేసిన మిశ్రమంలో ఆపిల్ పులుపు ఇంకా నిలిచి ఉంటుంది, దాల్చినచెక్క తీపి నెమ్మదిగా వెనకే వస్తుంది. ఏ కప్పు అలా నిలిచిందో దాని పెట్టె మీద ఒక గుర్తు పెట్టుకోండి, మళ్లీ కొనాల్సింది అదే.

నమస్కారం.