గడ్డి పచ్చబడే లోపే: టెక్సస్, ఓక్లహోమా మైదానాల్లో మంటల సీజన్

యాంకర్: నమస్కారమండీ. టెక్సస్ పాన్‌హ్యాండిల్ (టెక్సస్ ఉత్తరపు కొస), ఓక్లహోమా, కాన్సస్ వైపు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా లేచే గడ్డి మంటల గురించి ఈరోజు చర్చ. వాతావరణ పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు, ఆమరిల్లో దగ్గర పనిచేసే పశువుల డాక్టర్ గారు, ఓక్లహోమాలోని స్టిల్‌వాటర్ నుంచి మేడమ్ గారు స్టూడియోలో ఉన్నారు. మాస్టారూ, మనకి మంటలంటే మే నెల ఎండలు కదా, అక్కడ చలి పోకుండానే ఎందుకొస్తాయి?

మాస్టారు: అక్కడ తగలబడేది ఎక్కువగా గడ్డేనమ్మా. చలికాలంలో గడ్డంతా చచ్చి, తెల్లగా ఎండిపోయి అలాగే నిలబడి ఉంటుంది, కొత్త చిగురు ఏప్రిల్ వస్తే గానీ సరిగ్గా రాదు. ముందు ఏడాది వానలు బాగా పడితే రైతులు సంతోషిస్తారు, కానీ ఆ వానలకి మోకాలెత్తు పెరిగిన గడ్డే వచ్చే వసంతానికి మంటకి మేత అవుతుంది. పొద్దున మంచుకి తడిసినా సరే, పొడిగాలి ఒక్క గంట తగిలిందంటే మధ్యాహ్నానికి అగ్గిపుల్లే.

యాంకర్: గాలి సంగతి?

మాస్టారు: అదే అసలు సంగతి. గల్ఫ్ ఆఫ్ మెక్సికో సముద్రం నుంచి తేమగాలి వస్తుంది, న్యూమెక్సికో ఎత్తు నుంచి పొడిగాలి దిగుతుంది, రెండూ ఎదురుపడే గీతని డ్రైలైన్ అంటారు. ఒకే తుఫాను ఒకే రోజు ఆ గీతకి తూర్పున టోర్నడోలు, పడమట మంటలు తెచ్చిన సందర్భాలున్నాయి. ఎత్తు నుంచి దిగే గాలి దిగుతున్నకొద్దీ వేడెక్కి ఎండిపోతుంది, పైన జోరుగా పోయే గాలి కూడా మధ్యాహ్నం ఎండకి కిందికి కలుస్తుంది. తర్వాత కోల్డ్ ఫ్రంట్, అంటే దూసుకొచ్చే చల్లగాలి ముందంచు వస్తుంది చూడండీ, అది చాలా ప్రమాదం. అప్పటిదాకా మంట ఈటెలాగా సన్నగా తూర్పుకి పోతుంటుంది, ఫ్రంట్ దాటగానే గాలి ఉత్తరం నుంచి కొడుతుంది, ఇక ఆ ఈటె పొడవంతా మంటకి ముఖం అయిపోతుంది. రెండు మైళ్ల ముఖం ఉన్నది ముప్పై మైళ్ల ముఖంతో ఊళ్ల మీదకి వస్తే ఎవరాపుతారు?

డాక్టర్: స్మోక్‌హౌస్ క్రీక్ మంటల గదే అయింది సార్. 2024 ఫిబ్రవరి 26న స్టిన్నెట్ దగ్గర అంటుకున్నది, కుళ్లిన కరెంటు స్తంభం గాలికి విరిగిందని తర్వాత ఎంక్వైరీల తేలింది. తూర్పుకు ఉరికి ఓక్లహోమాలకు పోయింది, తెల్లారి ఫ్రంట్ రాంగనే దక్షిణంకు తిరిగింది. మొత్తం 10 లక్షల ఎకరాల పైన, టెక్సస్ చరిత్రల అంత పెద్దది లేదు. ఇద్దరు పోయిన్రు. 29న మంచు పడ్డది, నల్లగ కాలిన నేల మీద తెల్లగ. పశువులు 7 వేల పైన పోయినయ్.

యాంకర్: బతికిన పశువుల పరిస్థితి?

డాక్టర్: అదే కడుపు తరుక్కుపోయే ముచ్చట. ఆవు మామూలుగ నిలబడుతది, మేస్తది గూడ, కొన్ని రోజులకు గిట్ట ఊడొస్తది. పొదుగు కాలిందనుకోండ్రి, దూడను దగ్గరికి రానియ్యది, దూడేమో ఆకలికి అరుస్తనే ఉంటది, అది ఈనే సీజన్ కదా. చేతుల ఇంజెక్షన్ పట్టుకొని ఒక్కొక్కదాన్ని చూసుకుంట ఇది బతుకుతదా, దీనికి నొప్పి లేకుండ చేయాలెనా అని నేనే తేల్చాలె, పక్కన దాని మనిషి నిలబడి ఉంటడు, ఏం మాట్లాడడు.

మేడమ్: మాకు 2025 మార్చి 14 అండీ. ఆ ఒక్కరోజు ఓక్లహోమాలో 130కి పైగా మంటలు, 1,70,000 ఎకరాలు, 400కి పైగా ఇళ్లకి నష్టం, నలుగురి ప్రాణాలు. మా స్టిల్‌వాటర్‌లోనే ఎన్ని ఇళ్లు పోయాయో. దుమ్మూ పొగా కలిసి ఆకాశం ఇటుక రంగులోకి తిరిగింది, మా వీధి చివర సీడార్ చెట్టు ఉండేది, కింద అంటుకుని నేను చూస్తుండగానే కొస దాకా భగ్గుమంది. నా బాధేంటంటే, టోర్నడో సైరన్ మోగితే పిల్లల్ని లాక్కుని క్లోజెట్‌లో దూరతాం కదా, అదే పొద్దున రెడ్ ఫ్లాగ్ వార్నింగ్, అంటే మంటలు చెలరేగే వాతావరణం ఉందనే హెచ్చరిక ఫోన్‌కి వస్తే చూసి తీసేశాను, మా ఫ్రెండ్స్ అందరూ అంతే. అది టోర్నడో అంత సీరియస్ అని మన పిల్లలకి యూనివర్సిటీలో దిగిన మొదటి వారమే చెప్పాలి అంటాను నేను.

యాంకర్: కానీ మాస్టారూ, కాన్సస్‌లో ఇదే సీజన్‌లో రైతులే గడ్డి తగలబెడతారు కదా?

మాస్టారు: ఫ్లింట్ హిల్స్‌లో, అవును. గాలి నెమ్మదిగా ఉన్న రోజు చూసుకుని, ముందు చుట్టూ అంచు వెంబడి సన్నగా కాల్చుకుని, తర్వాత కాలుస్తారు. అది మంచి పనే. మంట పెట్టడం మానేసిన చోటే ఈ సీడార్ చెట్లు గడ్డి నేలని ఆక్రమించాయి, నూనె ఉన్న చెట్టు కదా, మేడమ్ చూసింది అదే. ఈదురుగాలి రోజున మాత్రం చెత్తకుప్పకి కూడా నిప్పు పెట్టకూడదు.

యాంకర్: ఒక కాలర్ అడుగుతున్నారు, అద్దె ఇంట్లో ఉంటాం, మా చేతిలో ఏముంటుంది అని.

మేడమ్: చాలా ఉందండీ. ఇంటి కప్పు అంచున ఉండే గటర్లలో ఎండాకులు తీసేయండి, గోడకి ఆనించిన కట్టెలు, అట్టపెట్టెలు దూరం పెట్టండి. వార్నింగ్ రోజున గ్రిల్ వద్దు, ఎండుగడ్డి మీద కారు ఆపొద్దు, కింద సైలెన్సర్ వేడి చాలు. పాస్‌పోర్టులు, మందులు ఒక బ్యాగులో పెట్టి, కారుని ఇంటి తలుపు దగ్గరే ఉంచండి.

మాస్టారు: ఓక్లహోమాలోని నార్మన్‌లో స్టార్మ్ ప్రిడిక్షన్ సెంటర్ ఉంది, వాళ్ల ఫైర్ వెదర్ మ్యాప్ ముందురోజే వస్తుంది. మీ ఊరి వెదర్ ఆఫీస్ ఫోర్‌కాస్ట్‌లో గాలి ఎన్నింటికి తిరుగుతుందో ఆ ఒక్క లైను వెతుక్కోండి. పొమ్మన్నప్పుడు పొగ కనపడే దాకా ఆగొద్దు.

డాక్టర్: పశువులున్నోళ్లు గాలి లేవకముందే గేట్ల తాళాలు తీసి పెట్టుకోవాలె. కంచె తీగెలు కట్ చేసే కటింగ్ ప్లయర్ ట్రక్కులనే ఉండాలె, ఇంట్ల కాదు.