మట్టిలో ఇనుప రజను

మిత్రులారా,

మన ఊరి కుండ ఎర్రగా ఉందంటే ఆ ఎరుపు ఇనుముదే. చెరువు మట్టిలో కంటికి కనపడనంత సన్నగా కలిసిపోయిన ఇనుము, కుండలు కాల్చే ఆవంలో గాలి తగిలి ఎర్రబడుతుంది. గాలి ఆడనివ్వకుండా పొగబెడితే అదే కుండ నల్లబడుతుంది. అంటే లోహం మన మట్టిలో ఎప్పుడూ ఉన్నదే. ఈరోజు మనం దాన్ని కంటికి కనపడే ముక్కలుగా, అలంకారం కోసం కలపబోతున్నాం. చిక్కులన్నీ అక్కడే మొదలవుతాయి.

ఏ లోహం వేయాలో మీ బట్టీ వేడి చెబుతుంది. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్‌కే కరిగి కారిపోతుంది. రాగి 1085 వరకు, ఇనుము 1538 వరకు ఆగుతాయి. ఊరి ఆవంలో వేడి సాధారణంగా వెయ్యి డిగ్రీలు దాటదు కాబట్టి అక్కడ ఇనుప రజను తుప్పు రంగు మచ్చలా మిగిలిపోతుంది. ఎక్కువ వేడికి గట్టిగా కాల్చే స్టోన్‌వేర్ పాత్రల బట్టీలో 1250 డిగ్రీల దగ్గర, గాలి తగ్గించి కాల్చినప్పుడు చూడాలి దాని వైభవం! ఇనుప ఆక్సైడు చుట్టూ ఉన్న ఇసుకను కరిగించుకుంటూ, గ్లేజులోంచి, అంటే పాత్ర మీది గాజులాంటి పూతలోంచి, పైకి ఉబికి వస్తుంది. అంచులు చెదిరిన ఆ నల్లని, ముదురు గోధుమరంగు చుక్కలను ఎంత చేయి తిరిగినవారైనా కుంచెతో పెట్టలేరు. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. అందుకే తక్కువ వేయమంటాను. నూరు గ్రాముల మట్టికి ఒకటి రెండు గ్రాములతో మొదలుపెట్టండి.

గాలి బాగా ఆడే బట్టీలో రాగి పొడి గ్లేజులో ఆకుపచ్చ మచ్చలిస్తుంది. ఎక్కువ వేడికి కరిగి కారుతుంది, ఆవిరై పక్క పాత్రకూ రంగు అంటిస్తుంది. కింద పాత పలక ఒకటి పెట్టండి. ఇత్తడి ముక్కలు, జింకు పూత తీగలు మాత్రం వద్దు. జింకు 907 డిగ్రీలకే ఆవిరవుతుంది. ఆ పొగ పీలిస్తే చలి, జ్వరం వస్తాయి. సీసం జోలికి అసలే పోవద్దు.

లేత్ మిషన్ దగ్గర తెచ్చిన రజనుకు నూనె పట్టి ఉంటుంది. సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టి, జల్లెడ పట్టండి. మట్టిని చివరిసారి పిసికేటప్పుడే కలపండి. ముందే కలిపి నిల్వ ఉంచితే తుప్పు ముద్దంతా పాకుతుంది. కుమ్మరి సారె మీద ఆ ముక్కలు వేళ్లు కోస్తాయి. అందుకని పలకలుగా పరిచి, అతికించి కట్టడం మేలు.

మట్టి ఆరి కాలేసరికి సుమారు పదో వంతు కుదించుకుపోతుంది. లోహం కుదించుకోదు సరికదా, వేడికి ఇంకా పెరుగుతుంది. మేకు గుచ్చిన చోట పగులు రావడానికి కారణం అదే. సన్నని ముక్కలైతే, మట్టిలో కాల్చిన మట్టి పొడి కూడా కలిపితే, ఆ ఒత్తిడి తగ్గుతుంది.

ఇలా లోహం కలిపిన పాత్రలు చూడటానికే. ఊరగాయకు, చింతపండు పులుసుకు పనికిరావు. పులుపు రాగిని లాగుతుంది. అమ్మేటప్పుడు ఆ మాట తప్పకుండా చెప్పండి.

బల్ల మీద పలకలున్నాయి. ఒకే మట్టి, ఒకే గ్లేజు, రజను పరిమాణమే వేరు. చేతిలోకి తీసుకుని చూడండి, ప్రశ్నలకు తర్వాత వద్దాం.