‘లేసిన్రా’ అని రాస్తే తప్పేంది?

(సెప్టెంబర్ 9న హన్మకొండల మాట్లాడింది, దోస్తులు అడిగితె ఉన్నదున్నట్టు టైపు చేసి పెడుతున్న)

వేదిక మీదున్న పెద్దలకు, ముందు కూసున్న అక్కలకు అన్నలకు, ఎనుక గోడ పొంటి నిలవడ్డ పిల్లలకు అందరికి దండాలు. పేరుపేరున చెప్పాలె గని పిల్లలు ఇంతసేపు నిలవడే ఉన్నరు, అందుకని అందరికి కలిపి ఒక్కటే దండం. ఇయ్యాల మన ప్రజాకవి కాళోజీ పుట్టిన రోజు. 1914ల కర్ణాటక దిక్కు రట్టిహళ్లిల పుట్టినా పెరిగింది మన మడికొండల, తిరిగింది మన గల్లీలల్ల, 2002 నవంబర్‌ల పోయినంక దేహం గూడ మన కాకతీయ మెడికల్ కాలేజీకే ఇచ్చిండు. మన రాష్ట్రం వచ్చినంక ఆయన పుట్టిన రోజును తెలంగాణ భాషా దినోత్సవం చేసుకుంటున్నం. నన్ను భాష మీద మాట్లాడుమన్నరు, ఎనిమిది పేజీలు రాసుకొచ్చిన, గని తొవ్వల ఆటోల కూసోని మల్ల చదువుకుంటె నా నోట్లె మాట ఒక్కటి గూడ అండ్ల లేదు. ఆ కాయితాలు పక్కకు పెడుతున్న. పొద్దుగాల వాట్సాప్ గ్రూపుల మనం పెట్టుకునే ముచ్చట గురించి మాట్లాడుత, జర ఓపిక పట్టుండ్రి.

మాది 1979 టెన్త్ బ్యాచ్. గ్రూపుల నలభై మంది దాక ఉంటరు. అందరికంటె ముందు లేసేది కాజీపేటల ఉండే మా రైల్వే దోస్తు, రిటైరై ఏడాది దాటినా డ్యూటీ అలవాటు పోలే, నాలుగున్నరకే మెలకువ. ‘లేసిన్రా’ అని ఒక్క మాట పెడుతడు. ఇగ అది మొదలు. ఒకలు ‘లేసి వాకిలి ఊడ్సి చాయ్ గూడ తాగిన’, ఇంకొకలు ‘పండుకోనియ్యవా జర’. దుబాయ్‌ల డ్రైవర్ పని చేసేటాయన ఉన్నడు, మనకు ఆరయితె ఆయనకు నాలుగున్నర, బండి తుడుసుకుంట పెడుతడు. డాలస్‌ల బిడ్డ దగ్గరికి పోయినామెకు అదే టైముకు నిన్నటి రాత్రి ఏడున్నర, ‘మీకు తెల్లారింది, మాకింక పొద్దే గూకలే’ అంటది ఎండాకాలంల. ఆరున్నరకు ముచ్చట కూర మీదికి వస్తది. ఏం కూర? గోకరకాయ. మల్ల గోకరకాయనేనా? మీ ఇంట్ల ఏంది మరి? పచ్చిపులుసు. ఇంట్ల ఎవరు లేరా ఏంది పచ్చిపులుసుతోని ఎళ్లదీస్తున్నవ్? లేరు, పిల్లలు బెంగుళూరు పోయిన్రు. అగో చూడుండ్రి, కూర అడిగితె ఇంటి సంగతంత తెలిసింది. ‘మంచిగున్నవా’ అంటె మంచిగున్న అనే అంటరు ఎవలైనా, ‘ఏం కూర’ అంటె నిజం చెప్తరు.

ఒకనాడు సర్వపిండి మీద పంచాది అయ్యింది. కరీంనగర్ దిక్కు ఇచ్చినామె సర్వప్ప అన్నది, నల్లగొండల నౌకరి చేసినాయన తపాలచెక్క అన్నడు, మనోళ్లు ఊకుంటరా, సర్వపిండి అంటె సర్వపిండే అన్నరు. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, నానవెట్టిన శెనగపప్పు, గిన్నెకు అద్ది ఏళ్లతోని బొక్కలు పెట్టి నూనె పోసుడు, చేసే తీరు అందరికి ఒక్కటే, పేరు కాడ్నే లొల్లి. తొమ్మిది దాక నడిచింది. ఊరూరు తిరిగి ఏరుకునే మాటలు ఒక్క పొద్దుగాల మా ఫోన్ల మీదికి వచ్చినయి, నేను ముప్ఫై ఏండ్లు తెలుగు చెప్పిన గని నా క్లాసుల ఒక్కనాడు గూడ అన్ని రాలే. ఎందుకు రాలేదో ఇప్పుడు చెప్త.

మా నాయిన ఆజంజాహి మిల్లుల పని చేసిండు. 1934ల పెట్టిన బట్టల మిల్లు, సైరన్ కూస్తె వరంగల్ లేసేది. మా మేనమామ భీవండి పోయిండు, మగ్గాల మీద, మనోళ్లు సూరత్‌కు భీవండికి షోలాపూర్‌కు ఎంతమంది పోయిన్రో మీకు నేను చెప్పాల్నా. మా అమ్మకు రాయరాదు, నేను ఏడో తరగతి, మామకు పోస్టు కార్డు నేనే రాసేది. అమ్మ పొయ్యి కాడ కూసోని చెప్పేది, ‘తమ్మీ, పానం మంచిగున్నదా, యాల్లకింత తింటున్నవా, పైలం బిడ్డా, నీ మీద్నే పానమంత’ అని. పైలం అంటె జాగ్రత్త. నేను రాసేది ఏంది? ‘ఇచ్చట మేమందరము క్షేమము. అచ్చట నీవు క్షేమమని తలంచుచున్నాను.’ బల్లె గట్లనే నేర్పిన్రు. అమ్మ నడుమ నడుమ అడిగేది, పైలం అని రాసినవా బిడ్డా అని. రాసిన అనేటోన్ని. రాయలే. పైలం అన్న మాట కార్డు మీద రాయొచ్చని నాకెవ్వలు చెప్పలే. ఏండ్ల తర్వాత మామ దసరాకు వచ్చినప్పుడు అన్నడు, నీ కార్డులన్ని దాచిపెట్టిన అల్లుడా, అక్షరాలు ముత్యాలోలె ఉంటయి గని అండ్ల మా అక్క మాట ఒక్కటి గూడ లేదు అన్నడు.

ఇది ఎందుకు చెప్తున్ననంటె, మనం మాట్లాడినట్టు మనం రాసుకున్నది ఎన్నడు? బల్లె రాయలే, ఆఫీసుల రాయలే, పెండ్లి పత్రిక మీద గూడ రాసుకోలే. కాళోజీ అసొంటి పెద్దలు రాసిన్రు, నిజమే, మన యాసల రాయుండ్రని బతుకంత కొట్లాడిండు. గని కిరాణం నడిపేటామె, లారీ తోలేటాయన, బీడీలు చేసే అక్క, వీళ్లు మాట్లాడినట్టు రాయవట్టింది ఈ ఫోన్లు వచ్చినంకనే, అండ్ల గూడ పొద్దుగాల్నే. పొద్దుగాల మనిషి ఇంక తయారుగాడు సూడుండ్రి, అందుకే మాట గూడ ఇంట్ల మాటనే వస్తది. పగటీలి మెసేజులు వేరే ఉంటయి, బిల్లులు, పెండ్లిండ్లు, రాజకీయం.

జర ఫోన్లు తియ్యుండ్రి. నిజంగ తియ్యుండ్రి, ఇప్పుడు రింగైతె నేనేమనను. ఇయ్యాల పొద్దుగాల మీరు పెట్టింది ఏందో సూడుండ్రి. గులాబి పువ్వు, చాయ్ కప్పు, సూర్యుడు, మీద ఇంగ్లీషుల గుడ్ మార్నింగ్, అవునా? 2018 జనవరిల పేపర్లల్ల వచ్చింది, మన దేశంల ఈ గుడ్ మార్నింగ్ ఫొటోలతోని ఫోన్లు నిండిపోతున్నయని గూగుల్ వాళ్లు కనిపెట్టిన్రట, వాటిని ఏరి తీసేసేటందుకు ఫైల్స్ గో అనే యాప్‌ల ఏర్పాటు గూడ చేసిన్రు. మనకు ముగ్గురిల ఒకరి ఫోన్ల రోజూ జాగ అయిపోతదట, అమెరికాల పదిమందిల ఒకరికి. చదివి నేను అందరికి చెప్పిన, ఫొటోలు పంపకుండ్రి అని. ఫొటో పంపేటోళ్లకు తెలివి లేదనుకున్న. ఫొటో ఎనుక ఏముంటదో నాకు తర్వాత తెలిసింది.

మా బ్యాచుల ఒకామె ఉన్నది. మాకంటె రెండేండ్లు పెద్దది, అందుకే అప్పటి సంది అక్కా అనే పిలుస్తం. టెన్త్ కాంగనే పెండ్లి చేసిన్రు, వడ్డేపల్లి దిక్కు చిన్న కిరాణం నడుపుకుంటది. మనుమరాలితోని తెలుగు టైపింగ్ నేర్చుకున్నది, ఫోన్ కొన్న కొత్తల అచ్చరం ఎనుక అచ్చరం ఎతుక్కుంట రాసేది. రోజూ రాసేది. ఒకనాడు పెట్టింది, నాకు ఇప్పటికి నోటికున్నది, ‘పొద్దుగాల్నే చెరువు కట్ట మీదికి పోయినం నీళ్లు మంచిగున్నయి కొంగలు గుంపులు గుంపులు వచ్చినయి మీరు లేసిన్రా ఇంక పండుకున్నరా.’ ఒక్క చుక్క లేదు, కామా లేదు, కొంగలు గుంపులు గుంపులు.

దాని కింద నేను రాసిన. ‘లేసిన్రా కాదు, లేచారా. పండుకున్నరా కాదు, పడుకున్నారా. మన పిల్లలు చూస్తారు, శుద్ధంగా రాద్దాం.’ అవును, నేనే. పైన చేతులు జోడించిన బొమ్మ గూడ పెట్టిన. ఆరేడుగురు మంచిగ చెప్పినవ్ పంతులూ అన్నరు.

తెల్లారి ఆమె కాడికెళ్లి గులాబి పువ్వు వచ్చింది. ఇంగ్లీషుల గుడ్ మార్నింగ్. మర్నాడు చిలుకల జంట. నాలుగు నెలలు, ఒక్క అచ్చరం లేదు. నేను గమనించలే. మా రైల్వే దోస్తు అడిగిండు, అక్క ముచ్చట చెప్తలేదేందిరా అని. వాళ్ల పక్కింట్ల ఉండే ఇంకొక క్లాస్‌మేట్ చెప్పింది, ఆమె ఏమన్నదంటె, ‘నాకు రాయరాదు, పంతులు నిజమే చెప్పిండు, ఫొటోలైతె తప్పులుండయి’ అన్నదట.

ఫొటోలైతె తప్పులుండయి. ఆ మాట ఇన్న నాడు నాకు మా అమ్మ యాదికొచ్చింది, పైలం అని రాసినవా బిడ్డా అని అడుగుకుంట పొయ్యి కాడ కూసున్నది. ముప్ఫై ఏండ్ల నౌకరిల ఎంతమంది పిల్లల నోట్లెకెళ్లి పైలం అన్న మాట గుంజేసిన్నో, ఎర్ర పెన్నుతోని ఎన్ని లేసిన్రాలు కొట్టేసిన్నో. పరీక్షలకు ఒక భాష కావాలె, నేను కాదంటలేను, దరఖాస్తుకు కావాలె, పుస్తకానికి కావాలె, అది నేర్పుడు మా పనే. గని పొద్దుగాల ఆరింటికి చెరువు కట్ట మీది కొంగల ముచ్చటకు మార్కులు ఎయ్యమని నాకెవలు చెప్పిన్రు?

పోయిన నెల దుకాణం కాడికి పోయిన. తప్పయింది అక్కా అన్న. గంత పెద్ద మాట ఎందుకురా అని స్టూలు ఏసింది, చాయ్ తెప్పించింది, ముచ్చటంత చెప్పింది, చెరువుల గుర్రపుడెక్క, మనుమరాలి చదువు, మోకాలు నొప్పి, అన్ని నోటితోని చెప్పింది. అర్ధగంట. రాయి అక్కా గ్రూపుల అంటె నవ్వింది. ఇప్పటికి ఫొటోలే వస్తున్నయి.

ఇక్కడ గ్రూపు అడ్మిన్లు ఎంతమంది ఉన్నరు, చేతులు లేపుండ్రి. శానా మందే ఉన్నరు. మీ చేతుల పట్టుకోని అడుగుతున్న, ‘పనికొచ్చే మెసేజులే పెట్టాలె, కూరల ముచ్చట బంద్’ అని రూల్ పెట్టకుండ్రి. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ అమ్మ మెసేజుల తప్పులుంటె స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్ పెట్టకుండ్రి. కీబోర్డు ‘పోయిన్రు’ అని కొడితె వేరే మాట చూపిస్తది, దాన్ని ఒత్తకుండ్రి. మల్ల కొట్టుండ్రి, రెండు మూడు సార్లు కొడితె గుర్తు పెట్టుకుంటది, నా ఫోన్ నేర్చుకున్నది. నేను అరవై ఏండ్లు దాటినంక నేర్చుకున్న.

టైమైందని చిట్టీ వచ్చింది, ఇంకొక్క మాట. మా గ్రూపోళ్లు ఐదారుగురు ఇక్కడికి వచ్చిన్రు, ఆ అక్క గూడ వచ్చింది, ఎనుక వరుసల ఫ్యాను కింద కూసున్నది. ఈ సంగతి నలుగురిల చెప్పుదునా అని ముందుగాల్నే అడిగిన, చెప్పుకో అన్నది. అక్కా, రేపు పొద్దుగాల ఆరున్నరకు గ్రూపుల నేనే పెడుత, ఏం కూర అని. పువ్వు పంపకు. గోకరకాయ అయితె గోకరకాయ అనే రాయి, గోరుచిక్కుడు అని రాయకు.