చర్మంలో కాపురమున్న కణాలు

శ్రోతలకు నమస్కారం.

ఎగ్జిమా, అంటే చర్మం ఎర్రబడి దురద పెట్టే జబ్బు, ఉన్న పిల్లల తల్లులు తరచూ అడుగుతుంటారు: "క్రీమ్ రాస్తే నాలుగు రోజుల్లో పోయింది. మానగానే మళ్లీ అదే మోచేతి మడతలో వచ్చింది, ఎందుకండీ?" క్రీమ్ మంచిది కాదని అనుకుంటారు గానీ, చాలాసార్లు తప్పు దానిది కాదు.

చర్మం పైపొరను బిగువుగా ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ కొందరికి పుట్టుకతోనే తక్కువ. ఈ జన్యులోపానికీ ఎగ్జిమాకూ ఉన్న సంబంధం 2006లో తేలింది. తేమ ఆరిపోయి చర్మం కంటికి కనపడనంత సన్నగా బీటలు వారుతుంది. ఆ సందుల్లోంచి దుమ్ము, సబ్బు, బాక్టీరియా లోపలికి దిగుతాయి. అక్కడ కాపు కాసే లాంగర్‌హాన్స్ కణాలు వాటిని పట్టి, లింఫు గ్రంథికి మోసుకెళ్లి, ఒంటిని కాపాడే తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన టీ కణాలకు చూపిస్తాయి. వాటిలో టీహెచ్2 రకం కణాలు చర్మానికి వచ్చి ఇంటర్‌ల్యూకిన్ 4, 13, 31 అనే రసాయనాలు వదులుతాయి. 4, 13 కలిసి, ఉన్న కాస్త ఫిలాగ్రిన్‌నీ తగ్గిస్తాయి. 31 సూటిగా నరాలను రేపి దురద పుట్టిస్తుంది. మామూలు అలర్జీ మాత్ర ఆపేది హిస్టమిన్‌ను, అందుకే ఈ దురద దానికి పెద్దగా లొంగదు. మాత్ర వేశాక బిడ్డ పడుకుందంటే, అది చాలావరకు మత్తు వల్లే.

ఎరుపు పోయాక కూడా కొన్ని టీ కణాలు అక్కడే ఉండిపోతాయి. ఇవి జ్ఞాపక కణాలు. కాస్త చెమట, కాస్త గోకుడు చాలు, మళ్లీ మొదలుపెడతాయి. అందుకే మాటిమాటికీ తిరగబెట్టేవారికి, చర్మం బాగున్నట్టు కనిపిస్తున్నా వారానికి రెండు రోజులు పాత చోటే స్టెరాయిడ్ క్రీమ్ రాయమని డాక్టర్లు చెబుతుంటారు.

కొలత చూసుకోండి. పెద్దవాళ్ల చూపుడువేలి కొస నుంచి మొదటి గీత దాకా పిండితే అర గ్రాము. వేళ్లతో సహా పెద్దవాళ్ల రెండు అరచేతులంత చర్మానికి అది చాలు. మాయిశ్చరైజర్ దగ్గర మాత్రం పొదుపు పనికిరాదు. ఒళ్లంతా ఎగ్జిమా ఉన్న బిడ్డకు వారానికి పావుకిలో నుంచి అరకిలో దాకా పడుతుంది. స్నానమయ్యాక ఒళ్లు అద్ది, తడి ఆరకముందే రాయాలి.

ఇంకో చిక్కు మన మాటలోనే ఉంది. ఎగ్జిమానూ, ఫంగస్ వల్ల వచ్చేదాన్నీ రెంటినీ 'తామర' అనేస్తాం. మచ్చ అంచు ఉంగరంలా లేచి, నడుమ మానినట్టుంటే ఫంగస్‌ను అనుమానించాలి. దానికి స్టెరాయిడ్ రాస్తే ఎరుపు తగ్గుతుంది, కానీ ఫంగస్‌తో పోరాడే కణాలు కూడా చల్లబడతాయి. దాంతో మచ్చ ఇంకా పాకిపోతుంది.