కోతి కథకి ఎన్ని మార్కులు?

అందరికీ నమస్కారమండి. సిటీ వాళ్ళూ, పొద్దున్నే భీమిలి బస్సెక్కి వచ్చిన మేడమ్‌లూ, మీ బుర్ర ఎక్కువసేపు తినను. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలతో అనుప్రాస, అంటే ఒకే హల్లు మళ్ళీమళ్ళీ వచ్చేలా, పెట్టి కథలు రాయిస్తున్నాం కదా, వాటికి మార్కులెలా వెయ్యాలన్నదే ఇవాళ మన గొడవ.

మనలో చాలామంది ఎర్ర పెన్ను పట్టుకుని ఒకే అక్షరం ఎన్నిసార్లొచ్చిందో లెక్కెడతాం. పిల్లలకీ అది తెలిసిపోయింది, అందుకే "కైలాసగిరి కొండ మీద కోతి కోపంగా కొబ్బరికాయతో కోడిని కొట్టింది" అని రాసేసి ఊరుకుంటారు. కోతికి కోపమెందుకొచ్చింది, కోడి కొండెందుకెక్కింది? తర్వాతి లైన్లో చెప్తే కథ, లేదంటే లిస్టు. ఇంకో పాప ఇలా రాసిందనుకోండి, "సముద్రం సద్దు చెయ్యట్లేదు, సన్నగా సొద పెడుతోంది. నాన్న బోటు ఇంకా హార్బర్‌కి రాలేదు." లెక్కలో కోతే గెలుస్తుంది. కానీ ఇక్కడ స, స అని వచ్చినంతసేపూ కెరటం వినబడింది, బోటు మాట రాగానే ఆ శబ్దం ఆగిపోయి మనకి భయం మొదలైంది. నేనైతే ఈ పాపకే ఎక్కువేస్తాను, ఎవరేమనుకున్నా సరే.

ఇంకోటండి, ఇంగ్లీషు క్లాసులో అలిటరేషన్ నేర్చుకున్న పిల్లలు ఒకే శబ్దం మాట మొదట్లో వచ్చిందా అనే చూస్తారు. మన వృత్త్యనుప్రాసలో హల్లు మళ్ళీమళ్ళీ రావాలంతే, మొదట్లోనే రావాలని రూలేం లేదు. "నల్లపిల్లి మెల్లగా గిల్లింది" అన్నదాంట్లో ల్ల అంతా మధ్యలోనే ఉంది, అది తప్పని కొట్టేస్తే ఎలా?

అలాగే చాప, చేప. రాతలో రెండూ చ నే, పలికితే మాత్రం వేరు, చాపలో నాలిక పళ్ళ దగ్గరకెళ్తుంది. అందుకే కథని పైకి చదివించాకే మార్కులెయ్యండి, కంటితో వేస్తే ఇలాంటివి తేలవు. స్పెల్లింగు తప్పులు వేరే రంగు పెన్నుతో దిద్దండి, ఈ మార్కుల్లో కలపకండి.

నా లెక్కేంటంటే పదికి, కథకి 5, శబ్దం కథకి పనికొచ్చిందా అన్నదానికి 3, వాక్యం సాఫీగా నడిచినందుకు 2. అనుప్రాస కోసం "క్రూరమైన కుర్చీ" లాంటివి ఇరికిస్తే ఆ 2 లోంచి కొయ్యండి, అయితే హాస్యం కోసమే పెట్టాడేమో ఓసారి వాణ్ణే అడగండి, ఒక్కోసారి మనకంటే వాళ్ళకే బాగా తెలుసండి.

సరే, మీ ముందున్న పేపర్లు తియ్యండి, ఒకరు పైకి చదవండి, పక్కవాళ్ళు చూడకుండా మార్కులెయ్యండి.